ఫ్రిజ్‌లో పెట్టిన ఆర్కిడ్లే ముందు పాడయ్యాయి, ఎందుకు?

ప్రశ్న: మాది భీమవరం. మా ఆయనా నేనూ చిన్నగా పెళ్లి డెకరేషన్లు చేస్తాం. ఇన్నాళ్లూ బంతి, చామంతి, గులాబీలతోనే నడిచింది. మొన్న శ్రావణ మాసం ముహూర్తాల్లో ఒక పార్టీ ఊదా రంగు ఆర్కిడ్లు కావాలంటే హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ సరుకు తెప్పించాం. దగ్గరికొచ్చేకొద్దీ రేటు పెరుగుతుందని రెండు రోజుల ముందే కొన్నాం. పెట్టెలు రాత్రి బస్సులో వచ్చాయి. ఇల్లు చిన్నది కావడంతో పూలను మూడు చోట్ల సర్దాం. మంచి కట్టలు చూసి ఫ్రిజ్‌లో పెట్టాం. కొన్నిటిని పెట్టెలు విప్పకుండా సారె పళ్లు, అరటి గెలలు ఉన్న గదిలో ఉంచాం. చోటు చాలక మిగిలినవి వరండాలో బకెట్ నీళ్లలో వేశాం. పెళ్లి రోజు ఫ్రిజ్‌లోవి బయటికి తీసిన కాసేపటికే మెత్తబడి, నీరు దిగినట్టయిపోయాయి. పళ్ల గదిలోవాటికి మొగ్గలు పసుపెక్కి రాలిపోయాయి, పూలు తలలు వాల్చేశాయి. ఎవరూ పట్టించుకోని బకెట్లోవి మాత్రం, కింది పూలు ఒకటీ రెండూ వాలినా, బాగానే ఉన్నాయి. పార్టీ డబ్బు తగ్గించి ఇచ్చింది. కొట్టతనేమో "నా సరుకు మంచిదే, మీరే పాడుచేశారు" అంటున్నాడు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు వాళ్లింట్లో ఆర్కిడ్ మూడు నెలలు ఉంటుందంటుంది. మరి మావి మూడు రోజులు కూడా ఎందుకు ఆగలేదు? నీళ్లలో ఆస్పిరిన్, స్ప్రైట్ వేయమంటున్నారు, పనిచేస్తాయా? కార్తీకంలో ఇంకో పెళ్లి ఒప్పుకున్నాం, అప్పుడేం చేయాలో చెప్పండి. టెన్షన్‌గా ఉంది. (పేరు రాయవద్దని కోరారు)

సమాధానం: అమ్మా, జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. ఒకే కొట్టు నుంచి, ఒకే బస్సులో వచ్చిన పూలు మూడు చోట్ల మూడు రకాలుగా తయారయ్యాయంటే తేడా సరుకులో లేదు, పెట్టిన చోట్లలో ఉంది. బకెట్లోవి పెళ్లి దాకా నిలిచాయి కాబట్టి కొట్టాయన మీకు ముసలి పూలు అంటగట్టలేదు. ఈ విషయంలో ఆయన మాటే నిజం. అయితే తప్పు మీదని కూడా నేను అనను. బంతి, చామంతి, గులాబీ విషయంలో చల్లగా పెట్టడమే జాగ్రత్త. ఆ అలవాటుతోనే మంచి కట్టలను ఏరి మరీ ఫ్రిజ్‌లో పెట్టారు. ఆర్కిడ్‌కి ఆ లెక్క సరిపోదని ఎవరూ చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది?

ముందు ఈ పువ్వు స్వభావం ఏమిటో చూద్దాం. అది తెలిస్తే మీ మూడు చోట్ల ఏం జరిగిందో దానంతటదే అర్థమవుతుంది.

మల్లె రాత్రి విచ్చి మర్నాటికి వాడుతుంది. దాని గడువే అంత. ఆర్కిడ్ తీరు వేరు. అడవిలో చాలా ఆర్కిడ్లకు ఫలానా రకం తేనెటీగో, కందిరీగో, రెక్కల పురుగో వస్తే తప్ప పరాగసంపర్కం జరగదు. ఆ పురుగు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేం. అందుకని పువ్వు తెరుచుకుని వారాలు, కొన్ని జాతుల్లో నెలలు ఎదురుచూస్తుంది. చాలా ఆర్కిడ్లు గింజ కట్టాల్సిన అండాలను కూడా ముందుగా పూర్తిగా తయారుచేసి పెట్టుకోవు. పుప్పొడి వచ్చి పడ్డాకే లోపల ఆ పని మొదలవుతుంది. పురుగు రానంత కాలం పువ్వుకి పని లేదు, ఖర్చూ తక్కువే.

పుప్పొడి పడిందంటే మాత్రం కథ మారిపోతుంది. కుండీల్లో పెంచే ఫాలెనాప్సిస్ పువ్వుని ముట్టుకోకపోతే రెండు మూడు నెలలు ఉంటుంది. అదే పువ్వు మీద పుప్పొడి వేస్తే ఒకటి రెండు రోజుల్లో వాడటం మొదలవుతుంది. ఇంకా నిండు వయసులో ఉన్న పువ్వే, నీళ్లకూ లోటు ఉండదు. పురుగుని పిలిచే పని అయిపోయింది కాబట్టి రేకుల్లో ఉన్న చక్కెరనీ నత్రజనినీ వెనక్కి లాక్కుని, రేకులను వదిలేస్తుంది. ఈ పనంతా నడిపేది ఎథిలీన్ అనే వాయువు. దాన్ని పువ్వే తయారుచేసుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ వాయువు పువ్వు లోపల పుట్టినా బయట నుంచి వచ్చినా ఆర్కిడ్‌కి తేడా తెలియదు. బయట ఎథిలీన్ తగిలినా పుప్పొడి పడినప్పటి లాగానే తలవాల్చేస్తుంది.

పళ్ల గదిలో జరిగింది సరిగ్గా ఇదే.

మాగుతున్న అరటి, మామిడి, సపోటా, యాపిల్ ఎథిలీన్ వదులుతూనే ఉంటాయి. అరటి మాగేది ఆ వాయువుతోనే. ఇప్పుడు మార్కెట్లో దొరికే అరటిపళ్లు చాలావరకు మాగబెట్టే ఛాంబర్ల నుంచి వస్తున్నాయి. కార్బైడ్ నిషేధం కావడంతో వ్యాపారులు ఎథిలీన్ గ్యాస్ వాడుతున్నారు. పది లక్షల పాళ్లకు 100 పాళ్ల దాకా వాడుకోవచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది కూడా. అలా ఒకసారి మొదలైన పండు ఇంటికొచ్చాక సొంతంగా వాయువు వదులుతుంది. ఆర్కిడ్లను పాడుచేయడానికి అంత కూడా అక్కర్లేదు. అమెరికాలో కాట్లియా ఆర్కిడ్లు పెంచేవాళ్ల తోటల్లో పూల బయటి రేకులు విచ్చుకునేలోపే ఎండిపోయేవి. ఊరి గాలిలో కలిసిన ఎథిలీనే దానికి కారణమని 1940ల చివర్లో తేలింది. అక్కడ లెక్క వంద కోట్ల పాళ్లకు కొన్ని పాళ్లు మాత్రమే. మీరేమో పెట్టెలు విప్పకుండా, గెలల పక్కన రెండు రోజులు ఉంచారు. మీరు కొన్న డెండ్రోబియం రకంలో ముందు దెబ్బతినేవి మొగ్గలు. అవి పసుపెక్కి రాలతాయి. తర్వాత విచ్చిన పూల తొడిమలు కిందికి వంగుతాయి, రేకుల్లో ఈనెలు బయటపడతాయి, రంగు వెలిసిపోతుంది. మీరు రాసిన గుర్తులు ఇందులోవే.

ఇంకో సంగతి కూడా ఉంది. చచ్చిపోతున్న పువ్వు తనూ ఎథిలీన్ వదులుతుంది. అలాంటిది ఒక్కటి పెట్టెలో ఉంటే పక్కవాటినీ తొందరపెడుతుంది. అందుకే పెట్టె రాగానే వాలిన పూలు, పసుపు మొగ్గలు, నలిగినవి గిల్లి పారేయాలి. గిల్లితే కాడ బోసిపోతుందని వదిలేస్తారు చాలామంది. అలా వదిలేయబట్టే మిగతావీ పోతాయి.

ఇక ఫ్రిజ్ సంగతి. మీరు కొన్నవి డెండ్రోబియం ఆర్కిడ్లు. ఊదా, తెలుపు కలిసి ఉన్నాయంటే సోనియా రకమే అయి ఉంటుంది, మన పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించేది అదే. ఇవి థాయిలాండ్ లాంటి వేడి దేశంలో పెరిగినవి. 10 డిగ్రీల కన్నా దిగువకి వెళితే వాటి కణాల పొరలు దెబ్బతింటాయి. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. లోపల ఉన్నంతసేపూ పువ్వు బిగువుగా, బాగున్నట్టే కనిపిస్తుంది. బయటికి తీసి వేడి తగిలాక, దెబ్బతిన్న కణాల్లోంచి నీరు బయటికి దిగి రేకు మెత్తబడుతుంది. ఉదయం దాకా బాగున్న పూలు కాసేపట్లో ఎలా పోయాయని మీకు వచ్చిన అనుమానానికి సమాధానం ఇదే. అవి ముందు రోజే పోయాయి, బయటపడింది మాత్రం ఆ రోజు. పైగా ఆ ఫ్రిజ్‌లో పళ్లు, టమాటాలు కూడా ఉండి ఉంటే రెండో దెబ్బ కూడా తగిలి ఉంటుంది.

ఆర్కిడ్లన్నీ ఇలాగే అనుకోకండి. సిక్కిం, అరుణాచల్, డార్జిలింగ్ కొండల్లో పెరిగే సింబిడియం చలి దేశపు పువ్వు, 4 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. మందపాటి మైనపు రేకులతో, పెద్దపెద్ద పూలతో ఉంటుంది కాబట్టి చూడగానే తేడా తెలుస్తుంది. వాండా, మొకారా మాత్రం డెండ్రోబియం లాగే చలికి ఓర్చుకోలేవు. కాబట్టి పెట్టె కొనేటప్పుడు "ఆర్కిడ్" అని ఊరుకోకుండా ఏ రకమో అడగండి. డెండ్రోబియంకి 10 నుంచి 13 డిగ్రీలు సరిపోతాయి. అలాంటి కోల్డ్ రూమ్ మీకు దొరక్కపోవచ్చు. మీ ఊళ్లో రొయ్యల కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కదా అని అటు మాత్రం వెళ్లకండి, అవి సరుకుని గడ్డకట్టించేవి. అరటి వ్యాపారుల చల్లగదుల్లో వేడి సుమారు 13 డిగ్రీలే ఉంటుంది, ఆర్కిడ్‌కి అచ్చంగా సరిపోయే వేడి. కానీ పక్కన ఉండేది అరటి! అక్కడ పెట్టడం కన్నా వరండాయే నయం.

మీకు అందుబాటులో ఉన్నది ఇంట్లో ఏసీ గది. 18, 20 డిగ్రీల్లో పెట్టి, కర్టెన్లు వేసి, కాడలు నీళ్లలో ఉంచితే రెండు మూడు రోజులకు అది చాలు. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కట్టకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్ తీసేయకుండా పైన వదులుగా తెరిచి ఉంచండి. గాలి నేరుగా పూల మీద కొట్టకూడదు. ఆ గదిలో పళ్లు ఉండకూడదు. అగరుబత్తి, దోమల కాయిల్ వెలిగించకూడదు, ఎందుకంటే ఏది కాలినా ఆ పొగలో కాస్త ఎథిలీన్ ఉంటుంది. గ్యాస్ పొయ్యి ఉన్న వంటగదీ వద్దు, జనరేటర్ ఉన్న వైపు కిటికీ తెరవడమూ వద్దు. అలాగని మండపంలో హోమం పొగ గురించి కంగారు పడకండి. బయలు గాలిలో నాలుగైదు గంటలు తగిలితే పెద్దగా ఏమీ కాదు. వాయువు ఎంత ఉంది, ఎంతసేపు తగిలింది అన్నదే లెక్క. మూసిన గదిలో రాత్రంతా కొద్దిగా తగలడం, బయట కాసేపు ఎక్కువగా తగలడం కన్నా ప్రమాదం.

బకెట్ పూల గురించి కూడా ఒక మాట. వాటిలో కింది పూలు ఒకటి రెండు వాలాయన్నారు. అది దెబ్బ కాదు, వయసు. డెండ్రోబియం కాడ మీద పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ వస్తాయి. కాబట్టి కింద ఉన్నదే పెద్దది, ముందు వెళ్లిపోయేదీ అదే. కాడ మీద ముప్పావు వంతు పూలు విచ్చి, కొసన కొన్ని మొగ్గలు ఉన్నప్పుడు కోయడం పెంపకందారుల పద్ధతి. గులాబీని మొగ్గగా ఉన్నప్పుడే కోసి తెస్తారు, అది దారిలోనో మండపంలోనో విచ్చుకుంటుంది. ఆర్కిడ్‌తో అలా కుదరదు. ముదరని మొగ్గ కోశాక సరిగ్గా విచ్చుకోదు, వాడి రాలిపోతుంది. కాబట్టి కాడ కొసన మొగ్గలు ఎక్కువగా ఉంటే "ఇవి తాజావి, పెళ్లికి విచ్చుకుంటాయి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మరీ అన్నీ విచ్చేసినదీ వద్దు, కింది పూలకి అప్పటికే వయసు మీరి ఉంటుంది.

కొనేటప్పుడు నేనైతే ముందు కింది పువ్వే చూస్తాను. రేకు బిగువుగా ఉండాలి, వెలుతురుకి పెట్టి చూస్తే ఈనెలు గాజులోంచి కనిపించినట్టు తేలకూడదు. కొసన మొగ్గలు పచ్చగానో ఊదాగానో ఉండాలి, పసుపు చాయ వచ్చిందంటే ఎక్కడో ఎథిలీన్ తగిలింది. కాడ చివర తొడిగిన చిన్న ట్యూబ్‌లో నీళ్లు ఉన్నాయో లేదో చూడండి. ఎండిపోయి ఉంటే ఆ పెట్టె చాలాసేపు తిరిగింది. కవర్ లోపల తడి పేరుకుని రేకుల మీద చిన్న చిన్న గోధుమ రంగు చుక్కలు ఉంటే అది బూజు మొదలు, ఆ పెట్టె తీసుకోవద్దు. ఆర్కిడ్ల మీద నీళ్లు చిలకరించి మూత పెట్టే అలవాటు కొన్ని కొట్లలో ఉంది. చామంతికి చెల్లుతుందేమో, వీటికి మాత్రం అది బూజుని పిలిచి కూర్చోబెట్టడమే.

పెట్టె ఏ రోజు విమానంలో దిగిందో అడగడానికి మొహమాటపడకండి. థాయిలాండ్‌లో కోసి, కట్టలు కట్టి, ట్యూబ్‌లు తొడిగి, విమానంలో వచ్చి, మార్కెట్‌కి చేరి, మీ బస్సు ఎక్కేసరికి దాని ఆయుష్షులో కొంత ఎలాగూ అయిపోతుంది. కొన్ని దేశాలకు పంపే సరుకుకి తామర పురుగులు చావడానికి మిథైల్ బ్రోమైడ్ పొగ పెడతారు. ఆ పొగ పట్టిన పూలు తక్కువ రోజులు నిలుస్తాయి. మంచి పెంపకందారులు, ఎగుమతిదారులు పంపే ముందు కాడలకి చక్కెర, క్రిములను ఆపే మందు కలిపిన ద్రావణం పట్టిస్తారు. ఎథిలీన్ పని చేయకుండా అడ్డుపడే మందులూ ఉన్నాయి. ఒకటి వెండి కలిసిన ద్రావణం, నీళ్లను కలుషితం చేస్తుంది కాబట్టి ఇంట్లో వాడేది కాదు. ఇంకోటి 1-ఎంసీపీ అనే వాయువు. 1990లలో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ సిస్లర్, సిల్వియా బ్లాంకెన్‌షిప్ కనిపెట్టారు. ఎథిలీన్ వచ్చి కూర్చోవాల్సిన చోట ఇది ముందే కూర్చుంటుంది. మూసిన పెట్టెలోనో గదిలోనో పట్టించాలి. దానివల్ల డెండ్రోబియం మొగ్గలు, పూలు రాలడం తగ్గుతుంది. ఇది పెట్టెలు పంపేవాళ్లు చేయాల్సిన పని, మీరు కొనక్కర్లేదు. "ఈ సరుకుకి ఎథిలీన్‌ని అడ్డుకునే ట్రీట్‌మెంట్ ఉందా?" అని మాత్రం అడగండి. తెలిసిన వ్యాపారి అయితే జవాబు చెబుతాడు.

పూలు ఇంటికి చేరాక చేయాల్సిన పని పెద్దదేం కాదు. బస్సు డిక్కీ వేడి, డీజిల్ పొగ తగిలి వచ్చిన పూలు దాహంతో ఉంటాయి. పెట్టె వెంటనే విప్పండి. ట్యూబ్‌లు తీసేసి, కాడ చివర ఒక సెంటీమీటరో రెండో ఏటవాలుగా, పదునైన కత్తితో కోయండి. మొండి కత్తెర కాడని నొక్కేసి నీళ్ల దారి మూసేస్తుంది. బాగా వడలినట్టుంటే కాడనీ పూలనీ కలిపి మామూలు నీళ్ల తొట్టిలో పది పదిహేను నిమిషాలు ముంచి ఉంచండి. ఆర్కిడ్ రేకు మైనపు పొర ఉన్నది, ఒక మునకకి పాడవదు, తేరుకుంటుంది. తర్వాత తల కిందులుగా పట్టి నీళ్లు దులపండి, ఆరేదాకా కవర్లో దోపకండి. ముంచడానికీ చిలకరించి మూత పెట్టడానికీ ఉన్న తేడా ఆ ఆరబెట్టడమే.

నీళ్ల విషయంలో మీ ప్రాంతానికి ఒక ఇబ్బంది ఉంది. డెల్టాలో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు పూలకి పడదు. తాగే టిన్ను నీళ్లు వాడండి, పెళ్లి మొత్తం మీద ఆ ఖర్చు ఎంత కనుక? బకెట్ ముందు రోజే సబ్బుతో తోమి కడగండి, గత పెళ్లి బంతిపూలు నానబెట్టిన బకెట్ అయితే రెండుసార్లు కడగండి. కోసిన కాడల్లో నీళ్లు ఎక్కకుండా అడ్డుపడేది బ్యాక్టీరియా. అది బకెట్ అడుగున జారుడుగా ఉండే పొరలోనే ఉంటుంది.

మీరు అడిగిన స్ప్రైట్ మరీ తప్పుడు సలహా కాదు. అందులో చక్కెర, పులుపు రెండూ ఉన్నాయి. చక్కెర పువ్వుకి తిండి, పులుపు వల్ల నీళ్లు కాడలోకి సులువుగా ఎక్కుతాయి. కానీ చక్కెర బ్యాక్టీరియాకి కూడా తిండే, దాన్ని ఆపేది అందులో చాలినంత లేదు. ఆస్పిరిన్‌తో నీళ్లు కొద్దిగా పుల్లబడతాయి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. రాగి నాణెం వేయమనేవాళ్లూ ఉంటారు, ఈ కాలంలో రాగి నాణేలు ఎక్కడ దొరుకుతాయో వాళ్లనే అడగాలి. అంతకన్నా లీటరు టిన్ను నీళ్లలో ఒక పెద్ద చెంచా పంచదార, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, చివరగా అర టీ చెంచా బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ కలపండి. బ్లీచ్‌నీ నిమ్మరసాన్నీ నీళ్లు లేకుండా ఎప్పుడూ కలపకండి, ఘాటైన విషవాయువు వస్తుంది. నిండు నీళ్లలో, గాలి ఆడే చోట కలిపితే భయం లేదు. రెండు రోజులకోసారి మార్చండి. అసలు మీకు కావలసింది రెండు రోజులే అయితే ఈ హంగామా కూడా అక్కర్లేదు, శుభ్రమైన బకెట్, శుభ్రమైన నీళ్లు, కొత్తగా కోసిన కాడ ఉంటే చాలు.

పూలజడలోకి, దండల్లోకి విడి పూలు వాడేటప్పుడు సంగతి వేరు. కాడ నుంచి తెంపిన ఆర్కిడ్‌కి నీళ్లు అందవు. అయినా రేకు మీద మైనపు పొర వల్ల నీరు మెల్లగా పోతుంది కాబట్టి ఒక రోజంతా నిలుస్తుంది. పూలజడకి మల్లె కన్నా ఇదే నమ్మకం. గుచ్చేటప్పుడు సూది పువ్వు మధ్యలోంచి కాకుండా తొడిమలోంచి పోనివ్వండి. పువ్వు నడుమ చిన్న ముక్కులా పొడుచుకొచ్చిన భాగం చివర ఒక టోపీ ఉంటుంది, పుప్పొడి ముద్దలు దాని కింద ఉంటాయి. కొన్ని ఆర్కిడ్లలో ఆ టోపీ ఊడితే చాలు, పుప్పొడి పని అయిపోయిందనుకుని పువ్వు వయసు మీదపడేసుకుంటుంది. సింబిడియంలో అయితే కళ్లకు కనిపిస్తుంది, టోపీ ఊడిన పువ్వు పెదవి రేకు ఎర్రబారుతుంది. అదే రోజు వాడే దండకి దీనివల్ల నష్టమేమీ లేదు. ముందు రోజు రాత్రే గుచ్చి పెట్టుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. గుచ్చిన దండని మూత ఉన్న డబ్బాలో, అడుగున పిండిన తడి గుడ్డ వేసి, ఏసీ గదిలో ఉంచండి. అలవాటుగా చెయ్యి ఫ్రిజ్ వైపు వెళుతుంది, వెళ్లనివ్వకండి.

మీ చెల్లెలు చెప్పిందీ నిజమే, కాకపోతే ఆవిడ దగ్గరున్నది కుండీలో వేళ్లతో, ఆకులతో ఉన్న మొక్క. బహుశా ఫాలెనాప్సిస్ అయి ఉంటుంది, అక్కడ సూపర్ మార్కెట్లలో దొరికేది ఎక్కువగా అదే. పువ్వుకి కావలసిన తిండీ నీళ్లూ మొక్క అందిస్తూనే ఉంటుంది. అదే పూలకాడని కోసి నీళ్లలో పెడితే రెండు మూడు వారాలకు మించదు. డెండ్రోబియం కాడ చల్లటి గదిలో రెండు వారాల దాకా రావచ్చు. మన ఉక్కలో వారం నిలిస్తే సంతోషించాలి, అందులో సగం దారిలోనే పోతుంది. మీరు లెక్క వేసుకోవాల్సింది ఆ మిగిలిన సగం మీదే.

కార్తీకంలో వాతావరణం మీకు కలిసొస్తుంది, శ్రావణంలో ఉన్న ఉక్క ఉండదు. పెళ్లికి ముందు రోజు పొద్దున్నకి పెట్టెలు చేరేలా ఆర్డర్ పెట్టండి. రేటు కాస్త ఎక్కువైనా పరవాలేదు. రెండు రోజుల ముందు చవకగా కొని మూడింట రెండు వంతులు పారేస్తే మిగిలిందేమిటి? వచ్చిన రోజంతా నీళ్లు తాగనివ్వండి, పెళ్లి రోజు మధ్యాహ్నం తర్వాత కట్టడం మొదలుపెట్టండి. నీళ్లు పీల్చుకునే ఫోమ్‌లో గుచ్చేవాటికి ఆ ఫోమ్ పూర్తిగా నానాలి. గేటుకి, స్తంభాలకి నీళ్లు లేకుండా కట్టేవాటిని చివర్లో కట్టండి, వీలైతే ట్యూబ్‌లు మళ్లీ నింపి తొడిగి ఆకుల వెనక దాచండి. హాలోజన్ లైట్లు దగ్గరగా పెడితే ఆ వేడికి ఏ పువ్వూ ఆగదు, లైట్లవాళ్లకి ముందే చెప్పుకోండి. గేటు దగ్గర గెలలతో కట్టే అరటి చెట్ల గురించి బెంగ వద్దు. పచ్చి గెల వదిలేది చాలా తక్కువ, పైగా అది బయట ఉంటుంది. సారె పళ్లేలు మాత్రం పూల గదిలోకి రానివ్వకండి. ఎవరో ఒకరు ఖాళీగా ఉంది కదా అని తెచ్చి పెడతారు, కాబట్టి తలుపు మీద కాగితం అంటించండి.

వేసవి ముహూర్తాలకి లాన్‌లో ఆర్కిడ్లు అడిగితే నేనైతే ఒప్పుకోను. ఏసీ హాలు అయితేనే సరే. ఈ మాట ముందే పార్టీకి చెప్పి, కొటేషన్ కాగితంలో రాయండి.

ఇక డబ్బు సంగతి. పార్టీ తగ్గించిందని బాధపడుతున్నారు కానీ, వాళ్లకి చూపించిన ఫొటోకీ కట్టిన మండపానికీ తేడా ఉంటే తగ్గించడంలో అన్యాయం లేదు. పూలు పోయింది మీ చేతిలో. కొట్టాయనకి మీరే ఫోన్ చేయండి. బకెట్లోవి బాగున్నాయని, సరుకులో తప్పు లేదని చెప్పండి. హైదరాబాద్ నుంచి మీ ఊరికి సరుకు పంపే మనిషితో గొడవ పెట్టుకుంటే కార్తీకానికి ఇబ్బంది మీకే. ఫోన్ చేసినప్పుడే వచ్చే పెట్టెల మీద విమానం దిగిన తేదీ రాసి పంపమని అడగండి. వచ్చిన పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి అప్పుడే ఆయనకి పంపండి. మొదటి పెట్టెలోంచి రెండు కాడలు పక్కన, వరండాలో, నీళ్లలో పెట్టి ఉంచండి. ఈసారి ఏదైనా తేడా వస్తే ఆ రెండు కాడలు చూసి తప్పు ఎక్కడుందో ఇద్దరూ తేల్చుకోవచ్చు.